ట్యాంకులో ఉన్న ఇంధనం వేరు, ఇంజిన్‌కు అందే ఇంధనం వేరు

క్లుప్తంగా: చాలా హెలికాప్టర్లలో ఇంజిన్ నేరుగా పెద్ద ట్యాంకు నుంచి ఇంధనం తీసుకోదు. పెద్ద ట్యాంకు నుంచి చిన్న సరఫరా ట్యాంకులోకి ట్రాన్స్‌ఫర్ పంపు తోడుతుంది, ఇంజిన్ తాగేది ఆ చిన్న ట్యాంకు నుంచే. పంపు చెడినా, ఎవరైనా ఆపేసినా, దానికి గాలి పట్టినా మొత్తం ఇంధనం అంకె పెద్దగానే కనిపిస్తుంది. ఎగరడానికి మిగిలిన సమయం మాత్రం నిమిషాల్లోకి పడిపోతుంది.

ఎన్నికలొచ్చాయంటే మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో హెలికాప్టర్ల చప్పుడు మొదలవుతుంది. అహేరి, ఎటాపల్లి, భామ్రాగడ్ వైపు అడవి ఊళ్లకు పోలింగు సిబ్బందిని గాలిలోనే చేరుస్తారు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో గడ్చిరోలి-చిమూర్ స్థానానికి ఏప్రిల్ 19న, ఎండలు ముదిరే వేళ, పోలింగు జరిగింది. ప్రాణహిత, గోదావరి కలిసే సిరొంచ దగ్గర వరద వచ్చినా, ఒడిశా వైపు మల్కనగిరి కొండల్లో అత్యవసరం వచ్చినా రోడ్డు చేయలేని పని హెలికాప్టర్‌కే పడుతుంది.

హెలిప్యాడ్ గట్టున నిలబడి చూసేవాళ్లకు కొన్ని వింతలు కనిపిస్తాయి. ఇంధనం పీపాలు నిలువుగా కాకుండా పడుకోబెట్టి ఉంటాయి. ఎవరో ఒకరు సీసాలో కొంచెం ఇంధనం పట్టి వెలుతురుకు ఎత్తి చూస్తారు. ఇంత దూరం పోవాల్సిన హెలికాప్టర్‌కు ట్యాంకు నిండా పోయరు. ఎక్కడైనా ప్రమాదం జరిగి, శకలాల్లో ఇంధనం ఇంకా మిగిలే ఉందని వార్త వస్తే అయోమయం మరీ పెరుగుతుంది. ఇంధనం ఉండగా ఇంజిన్ ఎందుకు ఆగింది? వీటన్నిటికీ జవాబు ట్యాంకుకూ ఇంజిన్‌కూ మధ్య ఉన్న దారిలో దొరుకుతుంది.

సంపు, మిద్దె మీది ట్యాంకు

పట్నాల్లో ఇంటి నీళ్ల ఏర్పాటు తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. నేల కింద సంపు, మిద్దె మీద చిన్న ట్యాంకు, మధ్యలో మోటారు. సంపులో పదివేల లీటర్లున్నా మోటారు వేయకపోతే కుళాయికి దక్కేది మిద్దె మీద ఉన్నంతే. హెలికాప్టర్‌లో పెద్ద ట్యాంకు సంపు లాంటిది, సరఫరా ట్యాంకు మిద్దె మీది ట్యాంకు లాంటిది, ట్రాన్స్‌ఫర్ పంపు మోటారు.

ఒకే ట్యాంకు పెట్టి నేరుగా తోడితే పోదా అన్న ప్రశ్న సహజం. హెలికాప్టర్ ముందుకు పోతున్నప్పుడు ముక్కు కిందికి వంగుతుంది, గాలిలో నిలిచినప్పుడు కాస్త పైకి లేస్తుంది, మలుపులో పక్కకు ఒరుగుతుంది. ట్యాంకు వెడల్పుగా, పల్లంగా ఉంటే ఇంధనం ఆ వంపును బట్టి ఒక మూలకు పారిపోతుంది. పీల్చే గొట్టం ఒక్క క్షణం బయటపడి గాలి మింగినా టర్బైన్‌లో మంట ఆరిపోవచ్చు. ఇరుకుగా, లోతుగా, ఎప్పుడూ నిండి ఉండే చిన్న ట్యాంకు మధ్యలో ఉంటే ఆ భయం తగ్గుతుంది. రెండు ఇంజిన్లుంటే ఒక్కోదానికి ఒక్కో చిన్న ట్యాంకు ఇవ్వడం ఇంకో జాగ్రత్త. ఒకదానిలో నీరో చెత్తో చేరినా రెండోది నడుస్తుంది.

ఏర్పాటు రకానికో తీరుగా ఉంటుంది. యూరోపియన్ తయారీ ఇసి135లో నేల కింద ఒక ప్రధాన ట్యాంకు, దాని వెనుక రెండు సరఫరా ట్యాంకులు. బెల్ 407లో ముందొకటి, వెనుకొకటి. ముందు ట్యాంకులోని రెండు పంపులు వెనక్కి తోడతాయి, ఇంజిన్ వెనుక ట్యాంకు మీదే బతుకుతుంది. రాబిన్సన్ ఆర్44 వంటి చిన్న పిస్టన్ హెలికాప్టర్లలో ట్రాన్స్‌ఫర్ పంపే లేదు. అదనపు ట్యాంకు కొంచెం ఎత్తులో ఉండి, తన బరువుతోనే ప్రధాన ట్యాంకులోకి దిగుతుంది. చెడిపోవడానికి అక్కడ పెద్దగా ఏమీ ఉండదు.

వాయుసేన వాడే రష్యన్ ఎంఐ-17 ఏర్పాటు చూస్తే సూత్రం ఇంకా తేటగా అర్థమవుతుంది. దాని రెండు పక్కలా బయటికి ఉబ్బినట్టు కనిపించేవి పెద్ద ట్యాంకులు: ఎడమది సుమారు 1,140 లీటర్లు, కుడిది 1,030. కుడివైపు ముందు భాగంలో క్యాబిన్ వేడిచేసే యంత్రానికి చోటు ఇవ్వడంతో ఆ ట్యాంకు చిన్నదైంది. పైన, గేర్‌బాక్సు వెనుక, 445 లీటర్ల సర్వీస్ ట్యాంకు ఉంటుంది. పక్క ట్యాంకుల్లోని పంపులు ఇంధనాన్ని పైకి ఎక్కిస్తాయి. అది నిండగానే ఫ్లోట్ వాల్వు మూసుకుంటుంది, అచ్చం మిద్దె ట్యాంకులో బంతి వాల్వు లాగానే. ఇంజిన్లు రెండూ తాగేది ఈ 445 లీటర్ల నుంచే. పక్క పంపులు రెండూ ఆగితే, కింద రెండు వేల లీటర్లు ఊగుతున్నా, మిగిలేది అరగంట అటూ ఇటూ. సర్వీస్ ట్యాంకు అడుగంటుతుంటే ప్యానెల్ మీద ఎర్ర దీపం వెలుగుతుంది. అది మొత్తం ఇంధనం గురించి కాదు, పైనున్న ట్యాంకు గురించే చెబుతుంది.

పంపులన్నీ ఒకటి కావు

వార్తల్లో "ఫ్యూయల్ పంపు ఫెయిల్" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. నిజానికి ఏ పంపు అన్నదాన్ని బట్టి ఫలితం పూర్తిగా మారిపోతుంది.

ఇంజిన్‌కే తగిలించి, దానితో పాటే తిరిగే పంపు ఒకటి. ఇంజిన్‌లోకి ఎక్కువ ఒత్తిడితో ఇంధనం నెట్టేది ఇదే. ఇది ఆగితే ఆ ఇంజిన్ ఆగినట్టే. ట్యాంకు అడుగున మునిగి ఉండే కరెంటు పంపు రెండోది: బూస్టర్ అంటారు, కొన్నిట్లో ప్రైమ్ పంపు అంటారు. పొలంలో మోనోబ్లాక్ మోటారుకు మొదట నీళ్లు పోసి గాలి పోగొట్టినట్టు, ఇంజిన్ మొదలుపెట్టేటప్పుడు గొట్టాల్లో గాలి లేకుండా ఇది నింపుతుంది. చాలా రకాల్లో ఇది ఆగినా, తక్కువ ఎత్తులో ఇంజిన్ తన పంపుతో తానే పీల్చుకోగలదు. ట్రాన్స్‌ఫర్ పంపు మూడోది. అది ఆగిన క్షణాన ఏమీ కాదు. ఇంజిన్ చప్పుడు మారదు, వేగం తగ్గదు. ప్రమాదం అందులోనే ఉంది.

ఇసి135లో ప్రైమ్ పంపు స్విచ్చులు, ట్రాన్స్‌ఫర్ పంపు స్విచ్చులు ఒకే ప్యానెల్ మీద పక్కపక్కన ఉంటాయి. పేర్లు వేరు, పనులు వేరు, చేతికి తగిలే తీరు మాత్రం ఒకటే.

కరెంటు అక్కర్లేని ఎజెక్టర్ పంపు కూడా కొన్ని రకాల్లో ఉంది. సన్నటి నాజిల్ గుండా ఇంధనాన్ని వేగంగా చిమ్మితే దాని చుట్టూ ఒత్తిడి తగ్గి, పక్కనున్న ఇంధనం దానితోపాటు లాక్కుపోబడుతుంది. కదిలే భాగం లేదు, అరిగేది లేదు. అయితే ఆ చిమ్మే ధారను ఇచ్చేది మరో పంపే. అది పోతే ఇదీ పోతుంది. నాజిల్‌లో చిన్న పీచు ఇరుక్కున్నా పని సగమవుతుంది.

ట్రాన్స్‌ఫర్ పంపులు ఇంజిన్లకు కావలసిన దానికంటే ఎక్కువే తోడతాయి. మిగిలినది సరఫరా ట్యాంకు పైనుంచి పొర్లి ప్రధాన ట్యాంకులోకి తిరిగి పడుతుంది. అంటే అంతా సవ్యంగా ఉన్నంతసేపూ సరఫరా ట్యాంకు అంకె నిండుగా, కదలకుండా ఉండాలి. ప్రధాన ట్యాంకులో ఇంధనం ఉండగానే సరఫరా అంకె జారడం మొదలైతే ప్రధాన ట్యాంకు నుంచి సరఫరా ట్యాంకుకు వచ్చే దారి ఎక్కడో తెగిందని అర్థం. మొత్తం అంకె చూస్తూ కూర్చున్నవాళ్లకు ఈ జారుడు కనబడదు.

దారి తెగడానికి పంపే కాలిపోనక్కర్లేదు. పంపు నోటికున్న జల్లెడకు పీచు, బూజు పట్టవచ్చు. రెండు పంపుల్లో ఒకటి ఆగి, దాని వెనక్కి పారనివ్వని వాల్వు తెరుచుకునే ఇరుక్కుపోతే, రెండో పంపు తోడింది ఆ దారినే మళ్లీ ప్రధాన ట్యాంకులోకి పోతుంది. గాలి గొట్టం మూసుకుపోవడం అన్నిటికంటే చవక తప్పు. ఇంధనం తగ్గినకొద్దీ లోపలికి గాలి రావాలి, రాకపోతే ట్యాంకులో ఒత్తిడి పడిపోయి పంపు పీల్చలేదు. మన వైపు ఆరుబయట నాలుగు రోజులు నిలిపిన హెలికాప్టర్ గొట్టంలో మట్టి గూడు కట్టడానికి కందిరీగకు అంతకంటే ఎక్కువ సమయం పట్టదు. గాలి గొట్టాలకు ఎర్ర గుడ్డ వేలాడే మూతలు పెట్టేది అందుకే. ఎగిరే ముందు ఆ మూతలు తీశారో లేదో చూసుకోవడం ఇంకో పని.

ముక్కు వంగితే: 2013 గ్లాస్గో

ఈ విషయంలో ప్రపంచమంతా చదివిన పాఠం స్కాట్లాండ్‌ది. 2013 నవంబర్ 29 రాత్రి గ్లాస్గోలో పోలీసుల ఇసి135 ఒక పబ్బు పైకప్పు మీద కూలింది. హెలికాప్టర్‌లోని ముగ్గురు, కింద ఉన్న ఏడుగురు చనిపోయారు. 400 కిలోల ఇంధనంతో బయలుదేరి, గంటా 38 నిమిషాల తర్వాత కూలింది. బ్రిటన్ విమాన ప్రమాదాల దర్యాప్తు విభాగం 2015 అక్టోబర్‌లో నివేదిక ఇచ్చింది. ప్రధాన ట్యాంకులో 76 కిలోలు మిగిలి ఉన్నాయి. ఎడమ సరఫరా ట్యాంకులో 0.4 కిలో, కుడిదానిలో ఏమీ లేదు. రెండు ట్రాన్స్‌ఫర్ పంపుల స్విచ్చులూ ఆపి ఉన్నాయి, ప్రైమ్ పంపులు వేసి ఉన్నాయి.

ఆ లెక్కన నిమిషానికి సుమారు 3.3 కిలోలు ఖర్చయింది. 76 కిలోలంటే ఇంకో 23 నిమిషాలు. అవి ఇంజిన్ల కిందనే, ఒక స్విచ్చు దూరంలో ఉండిపోయాయి.

పంపులను అసలు ఎందుకు ఆపుతారు? ప్రధాన ట్యాంకులో ముందు ఒక పంపు, వెనుక ఒక పంపు ఉంటాయి. ఇంధనం తగ్గాక, గాలిలో నిలిచినప్పుడు ముక్కు లేచి ఇంధనం వెనక్కి పోతుంది, ముందు పంపు బయటపడుతుంది. ముందుకు సాగితే వెనుక పంపు వంతు. ఇంధనమే ఆ పంపుకు చల్లదనం, అదే జిడ్డు. ఎండుగా తిరిగితే వేడెక్కి అరుగుతుంది, బోరు మోటారు నీళ్లు లేకుండా తిరిగినట్టే. అందుకని హెచ్చరిక దీపం రాగానే ఆ పంపును ఆపమని విధానం చెబుతుంది. ఆపడం సరే. భంగిమ మారి ఇంధనం మళ్లీ అటు చేరాక తిరిగి వేయడం మనిషి గుర్తు పెట్టుకోవలసిన పని. నగరం మీద నిలుస్తూ, కదులుతూ, మళ్లీ నిలుస్తూ తిరిగే పోలీసు పనిలో అది పదేపదే వస్తుంది.

తక్కువ ఇంధనం హెచ్చరిక ఆ రాత్రి ఐదుసార్లు వచ్చిందనీ, ఐదుసార్లూ దాన్ని చూసినట్టు నమోదైందనీ దర్యాప్తులో తేలింది. ఆ హెచ్చరిక వస్తే 10 నిమిషాల్లో దిగాలన్నది నియమం. రెండు ఇంజిన్లూ ఒకేసారి ఆగకూడదని సరఫరా ట్యాంకులను కావాలనే హెచ్చుతగ్గు సైజుల్లో చేస్తారు. ఆ రాత్రి ఒక ఇంజిన్ ఆగాక రెండోది ఆగడానికి మధ్య దొరికిన ఎడం 32 సెకన్లు. స్విచ్చులు అలా ఎందుకు ఉండిపోయాయో దర్యాప్తు తేల్చలేకపోయింది.

మీటరును ఎంత నమ్మాలి

ట్యాంకులో ఎంత ఉందో చెప్పే కడ్డీ నిజానికి ఒకదానిలో ఒకటి అమర్చిన రెండు లోహ గొట్టాలు. మధ్యలో గాలి ఉంటే విద్యుత్తు నిలిపే శక్తి ఒక విలువ, విమాన కిరోసిన్ ఉంటే దాదాపు దానికి రెట్టింపు. ఆ తేడాను బట్టి మీటరు లెక్క కడుతుంది. నీటికి అదే విలువ గాలికంటే 80 రెట్లు. అంటే కడ్డీ అడుగున రెండు చెంచాల నీరు చేరినా మీటరు ఇంధనం దండిగా ఉందని చూపవచ్చు. ఇసి135ల సరఫరా ట్యాంకుల్లో ఇంజిన్ కంప్రెసర్ కడిగిన నీరు చేరి, అంకె ఎక్కువ చూపిన సందర్భాలు గ్లాస్గో తర్వాత బయటపడ్డాయి.

ఆ రకంలో తక్కువ ఇంధనం హెచ్చరిక మాత్రం ఈ కడ్డీ మీద ఆధారపడదు. దానికి వేరే సెన్సర్ ఉంటుంది. ఇంధనంలో మునిగినంతసేపు చల్లగా ఉంటుంది, బయటపడితే వేడెక్కుతుంది. మీటరు ఒక మాట, హెచ్చరిక దీపం ఇంకో మాట చెబితే దీపాన్నే నమ్మాలి. మనిషి మనసు మాత్రం తనకు ఇష్టమైన అంకె వైపే మొగ్గుతుంది.

పీపాల దగ్గర జరిగే తప్పులు

సరిహద్దు జిల్లాల్లో ఇంధనం పెద్ద విమానాశ్రయంలో లాగా ఫిల్టర్లున్న బండి నుంచి రాదు, చాలాసార్లు 200 లీటర్ల పీపాల నుంచే వస్తుంది. ట్రాన్స్‌ఫర్ పంపు జల్లెడకు పట్టే చెత్తలో ఎక్కువ భాగం ఇక్కడే పుడుతుంది.

పీపాను నిలబెడితే పైమూత గుంటలో వాన నీరు నిలుస్తుంది. పగలు ఎండకు లోపలి గాలి వ్యాకోచించి బిరడా సందుల్లోంచి బయటికి పోతుంది, రాత్రి చల్లబడి లోపలికి పీల్చుకుంటుంది. పీల్చేటప్పుడు గాలితోపాటు పైన నిలిచిన నీరూ దిగుతుంది. బిరడా బిగించే ఉన్నా ఇది జరుగుతుంది. పడుకోబెట్టి, రెండు బిరడాలూ గడియారంలో మూడు, తొమ్మిది అంకెల దగ్గర ఉండేలా పెడితే బిరడాల లోపలివైపు ఇంధనమే ఉంటుంది, గాలికి దారి ఉండదు.

వాడే ముందు నిలబెట్టి తేరుకోనివ్వాలి. కిరోసిన్‌లో నీరు నెమ్మదిగా దిగుతుంది, అడుగు లోతుకు కనీసం గంట. పీపా నిలువు దాదాపు మూడడుగులు కాబట్టి మూడు గంటలు. ఒక పక్క చిన్న చెక్క పెట్టి వంచి, ఎత్తుగా ఉన్న వైపు నుంచి తోడాలి. గొట్టం అడుగుకు తగలకూడదు, చివరి రెండు మూడు అంగుళాలు వదిలేయాల్సిందే. ఆ మిగులు ఇంధనం వృథా అనిపించి పీపాను బోర్లించేవాళ్లు ఫిల్టరును, ఆ తర్వాత పంపును పాడుచేస్తారు. తోడే ముందు భూమికి తీగ, పీపాకూ హెలికాప్టర్‌కూ మధ్య తీగ, ఆ తర్వాతే నాజిల్. తీసేటప్పుడు వరుస తిరగబడుతుంది. గొట్టంలో పారే ఇంధనమే స్థిర విద్యుత్తు పుట్టిస్తుంది.

సీసాలో పట్టి చూసేది ఈ నీటి కోసమే. తేటగా, మెరుస్తూ ఉండాలి, అడుగున బుడగలా వేరే పొర కనబడకూడదు. కంటికి కనబడని నీటికి ఒక బిళ్ల ఉంది: సిరంజితో ఇంధనాన్ని దాని గుండా లాగితే, పసుపు పొడి ఆకుపచ్చగా మారితే ఆ పీపా పక్కన పెట్టాలి. పొద్దున్నే ట్యాంకు అడుగు కుళాయిల నుంచి కూడా ఇలాగే తీస్తారు. కోరాపుట్ కొండల్లో చలికాలం రాత్రి సగం ఖాళీ ట్యాంకు గోడలకు తేమ చేరి తెల్లారేసరికి అడుగున నీరవుతుంది. ఆ నీటికీ ఇంధనానికీ మధ్య పొరలో ఒక బూజు పెరుగుతుంది. వెచ్చగా, తేమగా ఉండే చోట్ల దానికి మంచి బలం. జారుడుగా, గోధుమరంగులో ఉండే ఆ బూజు మొదట పంపు జల్లెడకే పడుతుంది.

లీటర్లా, కిలోలా

ఇంజిన్ లెక్క కిలోల్లో, పీపా లెక్క లీటర్లలో. 15 డిగ్రీల దగ్గర విమాన కిరోసిన్ లీటరు సుమారు 0.8 కిలో. చంద్రపూర్, గడ్చిరోలి వైపు మే ఎండల్లో 45 డిగ్రీలకు ఎక్కిన ఇంధనం వెయ్యి లీటర్లు పోస్తే దాదాపు 22 కిలోలు తక్కువ వచ్చినట్టే. ట్యాంకు అంచు దాకా పోయకపోవడానికీ వేడే ఒక కారణం. తెల్లవారి చల్లటి ఇంధనంతో నింపి ఎండలో నిలిపితే ఉబ్బి గాలి గొట్టం నుంచి కారుతుంది. అందుకే కనీసం 2 శాతం ఖాళీ ఉండేలా ట్యాంకును తయారీలోనే చేస్తారు.

అసలు కారణం బరువు. వేడి గాలి పలచన, రోటర్ ఎత్తగలిగే బరువు తగ్గుతుంది. నాగపూర్ నుంచి సిరొంచ గాలిదారిలో సుమారు 265 కిలోమీటర్లు. గంటకు 220 కిలోమీటర్లు పోయి, 200 కిలోలు తాగే చిన్న రెండింజిన్ల హెలికాప్టర్‌కు పోవడానికి 72 నిమిషాలు, 240 కిలోలు. మధ్యలో పోసుకోకుండా తిరిగి రావాలంటే 480. పగటి వెలుగులో కంటితో చూస్తూ ఎగిరే ప్రయాణానికి అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం చివరి నిల్వ 20 నిమిషాలు, అంటే ఇంకో 67. ఎదురుగాలి లేకుండానే, ఎక్కడా ఆగి నిలవకుండానే 550కి దగ్గరపడింది. అంత పోసుకుంటే మనుషుల్ని ఎక్కించే బరువు మిగలదు. అహేరి వంటి నడిమి చోట్ల పీపాలు పెట్టుకుంటే ఈ లెక్క తేలికవుతుంది.

కూలినా పగలని ట్యాంకు

కూలిన దెబ్బకు బతికినవాళ్లు మంటల్లో పోవడం హెలికాప్టర్ల పాత శాపం. రబ్బరు, గట్టి నేత కలిపిన సంచిలాంటి ట్యాంకులు, లాగితే రెండు ముక్కలై రెండు వైపులా మూసుకునే గొట్టాల జాయింట్లు దీనికి వచ్చిన జవాబు. అమెరికా నిబంధన ప్రకారం కొత్త రకం ట్యాంకును 80 శాతం నీటితో నింపి 50 అడుగుల పైనుంచి పడేసినా కారకూడదు. 1994లో వచ్చిన ఈ నిబంధన అంతకుముందే ఆమోదం పొందిన నమూనాలకు వర్తించలేదు. అవి పాత ట్యాంకులతోనే కొత్తగా తయారవుతూ వచ్చాయి. 2020 ఏప్రిల్ 5 తర్వాత తయారయ్యే ప్రతి హెలికాప్టర్‌కూ ఇలాంటి రక్షణ ఉండాలని అమెరికా చట్టం చేసింది.

దారి తెగిందని తెలిశాక

గాలిలో ఉండగా సరఫరా అంకె జారడం కనబడితే చేయాల్సినవి కొన్నే. ముందు ట్రాన్స్‌ఫర్ స్విచ్చులు నిజంగా వేసి ఉన్నాయో వేలు పెట్టి, పేరు చదివి చూడాలి. తర్వాత ఆ పంపుల బ్రేకర్లు పడ్డాయేమో చూడాలి. పడిన బ్రేకర్‌ను మళ్లీ మళ్లీ నొక్కడం తగదు, ఇంధనంలో మునిగిన మోటారులో షార్టు ఉండవచ్చు. ప్రధాన ట్యాంకులో ఇంధనం తక్కువుంటే ముక్కు వంపు మార్చి చూడాలి: వేగం తగ్గిస్తే ఇంధనం వెనుక పంపు వైపు చేరుతుంది. ఇవేవీ అంకెను నిలపకపోతే ప్రధాన ట్యాంకులో ఉన్నదాన్ని లెక్కలోంచి తీసేయాలి. అప్పుడు ఎంఐ-17లో మిగిలేది 445 లీటర్లలో ఇంకా ఎంతుంటే అంత. సిరొంచ నుంచి అహేరి 60 కిలోమీటర్ల పైచిలుకు, దానికి చాలు. నాగపూర్‌కు చాలదు.